చేపల బందెలదొడ్డి

ప్రతి మండలంలోనూ మూడో వంతు విస్తీర్ణం పచ్చగా ఉండి తీరాలని ఉత్తర్వు వచ్చిన నాటికి, ఉప్పుదిబ్బ మండలంలో అసలు నేలన్నదే మూడో వంతు లేదు. ఉన్న కాస్తా ఇసుక, ఉప్పుమళ్లు, వలలు ఆరేసుకునే మైదానం. మిగిలినదంతా సముద్రమే. వెనకటికెవరో మహానుభావుడు పటం మీద మండలానికి హద్దు గీస్తూ గీస్తూ కునుకు తీసి ఉంటాడు. పెన్ను నీళ్లలోకి వెళ్లిపోయింది, ఆ గీతే ఖాయమైంది. సర్కారు గీసిన గీతని సర్కారే చెరపకూడదు కాబట్టి ఆ సముద్రపు ముక్క కూడా పచ్చబడాల్సిన లెక్కలోకి చేరింది.

ఈ పని గంట్యాడ భానోజీరావు నెత్తిన పడింది. ఆయన మండల హరితాధికారి. వేప మొక్కని ఇసుకలో నాటించడం, పక్కన నిలబడి ఫొటో దిగడం, అది ఎండిపోయాక పీకించి అదే గోతిలో ఇంకోటి నాటించి మళ్లీ ఫొటో దిగడం ఆయన ఉద్యోగం. చేతకాని పనేం కాదు. కాకపోతే ఆయన మనసు ఆ గోతుల్లో ఉండేది కాదు, పగడాలమెట్ట మీద ఉండేది.

పగడాలమెట్ట అంటే ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ల అడుగున ఉన్న పగడపు దిబ్బ. పెద్ద కెరటం ఏదొచ్చినా ముందు దానికి కొట్టుకుని నడుం విరగ్గొట్టుకుంటుంది, ఒడ్డుకొచ్చేసరికి బుద్ధిగా వస్తుంది. జాలరిపేట ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయంటే అందుకే. ఆ పేటకి పెద్ద సూరాడ దానమ్మ. సొంత పడవ ఉన్న మనిషి, అంతకు మించిన నోరున్న మనిషి. టూరిస్టులు వస్తారని ఎవరో చెబితే నమ్మి పడవ అడుగున అద్దం బిగించింది. టూరిస్టులు రాలేదు, భానోజీరావు వచ్చాడు. ప్రతి ఆదివారం వచ్చి, పడవలో బోర్లా పడుకుని, అద్దానికి ముక్కు ఆనించి మధ్యాహ్నం దాకా చూస్తూ ఉండేవాడు.

ముఖ్యంగా ఒకదాన్ని. గుండ్రంగా, పసుప్పచ్చగా, ఒంటినిండా మడతలతో, పెళ్లిపందిట్లో పెద్దముత్తైదువలా కూర్చున్న ఒక పగడం. జాలర్లు దాన్ని పసుపుముద్ద అంటారు. ఏడాదికి గోరంత పెరిగే ఆ జీవం ఒక గదంత అయిందంటే ఎన్ని తరాల్ని చూసి ఉంటుందో అని తలుచుకుంటే చాలు, భానోజీరావుకి కళ్లు చెమర్చేవి.

"పెల్లాన్ని ఎప్పుడైనా ఇలా సూసినావా బాబూ?" అని అడిగేది దానమ్మ.

"చూస్తే ఊరుకోదు దానమ్మా," అనేవాడు.

జిల్లా సమీక్ష జరిగింది. జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు అధ్యక్షులు. మామూలు మాటని మామూలుగా మాట్లాడితే పదవికి తలవంపులని ఆయన అభిప్రాయం. గోడ మీద ఉప్పుదిబ్బ పటం వేయించి, నీళ్లలో లేత రంగుగా కనబడుతున్న చోట కర్ర ఆనించారు.

"ఈ ప్రదేశమందు లోతు అల్పముగా ఉన్నట్లు గోచరించుచున్నది. ఏమిది?"

"పగడాలమెట్ట సార్. పోటు తీసినప్పుడు నడుంలోతు."

"భేష్. మట్టి నింపి సరుగుడు తోట వేయించుడు. తక్షణ కార్యాచరణ."

భానోజీరావుకి లారీలకొద్దీ ఎర్రమట్టి పసుపుముద్ద నెత్తిన పడుతున్నట్టు కళ్లకి కట్టింది. ఆ కంగారులో, సర్వీసు మొత్తంలో ఎన్నడూ చూపించని చురుకుదనం చూపించాడు.

"అక్కర్లేదు సార్. అక్కడ పచ్చదనం ఇప్పటికే ఉంది, నీళ్ల అడుగున. నాచు సార్, బోలెడంత నాచు."

నిజానికి అక్కడున్న నాచు రాళ్ల సందుల్లో మాసిన గడ్డం పాటిది. కానీ సమీక్షలో అబద్ధం చెప్పడం భానోజీరావు కనిపెట్టిన విద్య కాదు కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు. పరాంకుశం గారు మాత్రం కళ్లజోడు తీశారు.

"నాచు మొక్కయేనా?"

"మొక్కలాంటిదే సార్. ఎండ తిని బతుకుతుంది."

"నీరు పోయవలెనా?"

"అక్కర్లేదండి."

"చచ్చిపోవునా?"

"మనం నాటలేదు కదండీ, చావదు."

ఈ జవాబు పరాంకుశం గారికి బాగా నచ్చింది. సాయంత్రానికల్లా మెట్ట మొత్తాన్ని "జలాంతర్గత హరితవనం" పేరిట సర్కారు తోటగా ప్రకటించారు. ఉప్పుదిబ్బ లక్ష్యం దాటేసింది. భానోజీరావుకి శాలువా కప్పారు. మట్టి లారీలు దారిలోనే వెనక్కి తిరిగాయి. ఆ ఆదివారం ఆయన పడవలో బోర్లా పడుకుని పసుపుముద్దతో, "నిన్ను కాపాడేశానే," అన్నాడు. గొప్పగా కాపాడాడు పాపం.

లేని పచ్చదనాన్ని కాగితం మీద పెంచడం సులువే. కానీ శాఖ ఈమధ్యే ఒక డ్రోన్ కొంది. కొన్న వస్తువుని ఎగరేయకపోతే ఆడిట్ వాళ్లు ఊరుకోరు గనక దాన్ని ఎగరేశారు. అది తీసిన ఫొటోల్లో మెట్ట పసుపుగా ఉంది, గులాబీగా ఉంది, ఊదాగా ఉంది, ఆకుపచ్చగా మాత్రం లేదు. అంత పెద్ద తోట ఏమైపోయిందో తేల్చడానికి పరాంకుశం గారు స్వయంగా తనిఖీకి దిగారు. దానమ్మ పడవలో కుర్చీ వేయించుకుని, ప్యాంటు మడమల పైకి లాక్కుని, అద్దంలోకి తొంగి చూశారు. అడుగున నీలం, ఆకుపచ్చ కలగలిసిన చేప ఒకటి చిలకముక్కు లాంటి మూతితో రాతిని కరకర గీకుతోంది.

"అది ఏమి చేయుచున్నది?"

మనిషికి ప్రాణమైన విషయం అడిగితే నోరు ఆగదు. "చిలకచేప సార్. నాచు మేస్తోంది. ఇవన్నీ ఇలా రోజూ గీకి తింటాయి కాబట్టే పగడాలు బతుకుతున్నాయి. లేకపోతే నాచు పెరిగిపోయి, వాటికి ఎండ తగలక, పిల్లపగడాలకి నిలబడే చోటు లేక..."

పరాంకుశం గారు "మేస్తోంది" అన్న మాట తర్వాత ఏదీ వినలేదు. "మేయుచున్నది," అన్నారు. "సర్కారు తోటలో. పట్టపగలు."

"అది చేప సార్."

"ఆవయినను, మేకయినను, చేపయినను, ప్రభుత్వ తోటలో మేసినచో బందెలదొడ్డికి తోలవలెను. నిబంధనలో జంతువు అని మాత్రమే ఉన్నది. చేప జంతువు కాదా?"

భానోజీరావు అవుననీ కాదనీ కాకుండా తలాడించాడు. అటువంటి తలాడింపుని అవునని రాసుకోవడం శాఖలో ఆనవాయితీ.

దానమ్మ తెడ్డు ఆపేసింది. పరాయి చేలో పడ్డ గొడ్డుని తోలుకెళ్లి, దాని మనిషి వచ్చి జరిమానా కట్టే దాకా బందెలదొడ్డిలో కట్టేయడం ఆమె ఎరుగును. చిన్నప్పుడు ఆమె మేకనే రెండు మాట్లు కట్టేశారు. "సేపల్ని దొడ్లో ఎడతావా బాబూ?" అంది. "పాలు గాని పితుకుతావేటి?"

"శాసనమునకు పాలతో ప్రమేయము లేదు," అన్నారు పరాంకుశం గారు.

ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర మోకాలిలోతు నీళ్లలో వెదురు దడి కట్టారు. చుట్టూ వల బిగించారు. "బందెలదొడ్డి, జలచర విభాగం" అని బోర్డు పెట్టి, ఎర్రయ్య అనే వాచరుని కాపలా వేశారు. జాలర్లని కూలికి పిలిచి, మెట్ట మీద మేస్తున్న వాటినల్లా చావకుండా పట్టి తెమ్మన్నారు. జాలర్లు తెచ్చారు. పట్టుబడిన జంతువు చెవికి నంబరు బిళ్ల తగిలించాలని నిబంధన. చేపకి చెవి దొరకలేదు. పైకి రాసి అడిగితే, తత్సమాన అవయవానికి తగిలించవచ్చునని జవాబొచ్చింది. దాంతో తోకలకి తగిలించారు.

ఎర్రయ్య డప్పు మెడలో వేసుకుని పేట వీధుల్లో దండోరా వేశాడు. సర్కారు తోటలో మేస్తూ దొరికిన చేపల తాలూకు యజమానులు వెంటనే వచ్చి, జరిమానా కట్టి, ఎవరి చేపని వాళ్లు తోలుకుపోవాలని చాటాడు. పిల్లలు వెంటపడ్డారు గానీ యజమానులెవరూ రాలేదు.

"నీది కాదా ఈ సేప?" అని దానమ్మ కనబడ్డవాళ్లనల్లా అడిగింది. "మొకం మీలాగే ఉందే."

దొడ్డిలో కట్టిన జంతువుకి మేత పెట్టాలి, అదీ నిబంధనే. చేపలు తినేది నాచు. నాచు కోద్దామంటే సర్కారు తోట, ఆకు తుంచకూడదు. అందుకని సంతకి మనిషిని పంపి తోటకూర, పాలకూర మోపులు మోపులుగా తెప్పించారు. చేపలు ముందు కాస్త మొహమాటపడ్డాయి, తర్వాత అలవాటుపడ్డాయి. జాలరిపేటలో పప్పులోకి కూర దొరకడం మానేసింది. ఎర్రయ్య పెళ్లాం అతనికి అన్నంలో ఉప్పు, పచ్చిమిరపకాయ వేసి పెట్టి, మిగతాది చేపల్ని అడుక్కోమంది.

చేపల తర్వాత ముళ్లకాయల వంతు వచ్చింది. అవి ఒంటినిండా ముళ్లతో బంతుల్లా ఉండి, చీకటి పడ్డాక పాకుతూ నాచు మేసే జీవాలు. వాటి మీద రాత్రివేళ చొరబడ్డాయని అదనపు అభియోగం పడింది. గడ్డి మేసే పెద్ద తాబేలు ఒకటి దొరికింది గానీ అది అటవీ శాఖ మనిషి. దాన్ని పట్టుకుంటే శాఖల మధ్య చెడుతుంది. అందుకని ఎర్రయ్యని తోడిచ్చి, మర్యాదగా పక్క జిల్లా సరిహద్దు దాకా సాగనంపారు.

ఇక మెట్ట మీద నోరున్నదేదీ మిగల్లేదు. నాచుకి అంతకన్నా కావలసిందేముంది? సందుల్లో గడ్డంలా ఉన్నది జడలైంది, జడలు చాపలయ్యాయి, చాపలు పరుచుకుని పరుచుకుని మెట్ట మొత్తం కప్పేశాయి. డ్రోన్ ఫొటోల్లో ఆకుపచ్చ తప్ప ఇంకో రంగు లేదు. ఇతర జిల్లాల హరితాధికారులు బస్సు కట్టుకుని చూడ్డానికి వచ్చారు. వాళ్లలో చెరువుల మీద గుర్రపుడెక్క తీయించే ఆయన ఒకడు అక్కడే నిలబడి, తీయించే పని ఆపేయమని ఫోన్ చేశాడు.

ఆ ఆదివారం భానోజీరావు అద్దంలోంచి చూస్తే పసుపుముద్ద కనబడలేదు. చాలాసేపు వెతికితే నాచు కింద మడత ఒకటి దొరికింది. పసుపు పోయి పాలిపోయి ఉంది. చేసింది ఎవరో కాదు, తనే. మట్టి నుంచి తప్పిద్దామని తను ఆడిన అబద్ధాన్ని శాఖ నిజం చేసి పెట్టింది.

"మెట్ట సచ్చిపోతే కెరటానికి ఎవుడడ్డం పడతాడు?" అంది దానమ్మ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. "మా ఇల్లు ముంగల మీ డయిరెక్టరు బాబు పడుకుంతాడా?"

మర్నాడే భానోజీరావు జిల్లా ఆఫీసుకి వెళ్లి పరాంకుశం గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, పగడం చచ్చిపోతోంది. నాచు ఒరుసుకుని ఒరుసుకుని దాని ఒంటిని తినేస్తోంది. ఆ చేపల్ని వదిలేయండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"ముందుగా పగడమనునది ఏ శాఖ పరిధిలోనిది? రాయి అయినచో గనుల వారిది."

"జంతువు సార్. చిన్న చిన్న జంతువులు గుంపుగా చేరి రాయి కట్టుకుంటాయి. కంటికి కనబడని నాచుని ఒంట్లో పెట్టుకుని, అది ఎండలో వండి పెట్టింది తిని బతుకుతాయి."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. పరాంకుశం గారు కలం మూత తీశారు.

"అనగా, ఒక జంతువు తన దేహమందు హరితమును నిర్బంధించినది."

"నిర్బంధం కాదు సార్, కాపురం."

"అనుమతి పత్రము ఉన్నదా?"

"ఎక్కడి అనుమతి సార్? ఇప్పుడది తెల్లబడిపోతోంది. లోపలున్న నాచంతా బయటికి పోతోంది."

పరాంకుశం గారి మొహం విప్పారింది. "చూచితిరా? శాసనమనిన భయము జనించినది. నిర్బంధించిన హరితమును తనంతట తానే విడుదల చేయుచున్నది."

ఆ నెల నివేదికలో "పగడపు చెర నుండి విముక్తమైన హరితం" అని కొత్త శీర్షిక చేరింది. తెల్లబడ్డ కొద్దీ ఆ శీర్షిక కింద అంకె పెరుగుతూ పోయింది. శాఖ చరిత్రలో ఇంత వేగంగా పెరిగిన అంకె లేదని పరాంకుశం గారికి అభినందనలు వచ్చాయి.

భానోజీరావు ఇక ఎవరినీ అడగలేదు. పోటు తీసిన పూట చూసి, లుంగీ ఎగ్గట్టి, మెట్ట మీదకి వెళ్లి, పసుపుముద్ద మీది నాచుని చేత్తో పీకడం మొదలుపెట్టాడు. పీకిన చోట రెండ్రోజులకల్లా మళ్లీ మొలిచేది. చిలకచేపలు పొద్దస్తమానం పళ్లు అరగదీసుకుని చేసే పనిని ఒక్క గవర్నమెంటు ఉద్యోగి సెలవు పెట్టి చేయబోతే అవుతుందా? వేళ్ల చర్మం ఊడింది. అయినా ఒడ్డు వైపు చాటంత మేర శుభ్రం చేశాడు. అంతలో ఈల వినబడింది.

"సార్," అన్నాడు ఎర్రయ్య, నీళ్లలో నిలబడి, బిక్కమొహం వేసుకుని. "నువ్వు మా ఆఫీసరువి. నాను సూడనట్టే ఎలిపోదును. మరి డ్రోను సూసీసింది సార్."

విచారణ ఒడ్డు మీదే జరిగింది. మనిషి నాచు పీకితే ఏం చేయాలో నిబంధనల్లో లేదు, ఎందుకంటే మనిషి అంత పని చేస్తాడని వాటిని రాసినవారు ఊహించలేదు. ఉన్నదల్లా మేత గురించే.

"కొరుకుట, గీకుట, పీకుట ఇవన్నియు మేత యొక్క అంగములు," అన్నారు పరాంకుశం గారు.

"నేను తినలేదు సార్. పీకానంతే."

"మేక కూడ ముందు పీకును, పిదప తినును. మీరు ప్రథమ దశయందు పట్టుబడితిరి."

"నేను చేపలు తినే మనిషిని సార్, నాచు మేసే జంతువుని ఎలా అవుతాను?"

"అది మరింత తీవ్రమైన అంశము. దొడ్డిలోనున్నవి చేపలు." ఎర్రయ్య వైపు తిరిగారు. "వీరికిని చేపలకును నడుమ తడిక అడ్డముగా కట్టి ఉంచుము."

భానోజీరావు చెవికి బిళ్ల తగిలించారు. మోకాలిలోతు నీళ్లలో, తడికకి ఇవతల ఆయన, అవతల చేపలు. పూటకో కట్ట తోటకూర. సంగతి తెలిసి ఆయన భార్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని పరుగున వచ్చింది.

"జరిమానా ఏదో కట్టేస్తాను, ఆయన్ని నాతో పంపించండి," అంది.

"యజమానికి మాత్రమే అప్పగింతురు. భార్య యజమాని కాజాలదు."

"ఇన్నాళ్లూ నేనే అనుకుంటున్నానండీ," అందావిడ, నిజంగానే ఆశ్చర్యపోయి.

ప్రభుత్వోద్యోగికి యజమాని ప్రభుత్వం. జిల్లాలో ప్రభుత్వం తరఫున ఆ హోదా పరాంకుశం గారిదే. ఆయన సంతకం పెట్టి తోలుకుపోతే సరిపోను. కానీ తన జంతువుని పరాయి తోటలోకి వదిలిన యజమాని జరిమానాతో పాటు సంజాయిషీ కూడా ఇచ్చుకోవాలి. సంజాయిషీ ఆయన ఆయనకే ఇచ్చుకోవాలి, తీసుకున్నాక తన మీద తనే చర్య తీసుకోవాలి. పరాంకుశం గారు ఒడ్డున అటూ ఇటూ పచార్లు చేసి, చివరికి భానోజీరావు పేరుకెదురుగా "యజమాని ఆచూకీ లేదు" అని రాయించారు.

యజమాని రాని జంతువుని వేలం వేయాలి. మార్చి నెల వచ్చేసింది, ఆర్థిక సంవత్సరాంతానికి దొడ్డిలో ఏదీ మిగలకూడదు. పరాంకుశం గారు షామియానా వేయించి, మైకు పట్టుకుని షరతులు చదివారు. కొన్నవారు జంతువుని వధించరాదు, అమ్మరాదు. తమ సొంత మేతస్థలంలోనే మేపుకోవాలి. ఎండుచేపల వ్యాపారులు మొదటి షరతు దగ్గరే లేచి వెళ్లిపోయారు. షామియానా కింద దానమ్మ, ఆమె వెనక పేట జనం మిగిలారు.

"నాకో అనుమానం బాబూ," అంది దానమ్మ లేచి నిలబడి. "పాట నాదయిపోతే, నా జీవాలు నా మేతలో మేత్తే నువ్వు మరి అడగవు గదా?"

"మీ మేతస్థలమునకు ఆధారము ఉన్నదా?"

"మా తాతల కాడినుంచి మేం మేసింది ఆ సముద్రంలోనే. అది మీ ఆఫీసులో రాసే ఉంది, నువ్వే సూసుకో."

చూసుకున్నారు. ఉంది. పగడాలమెట్టతో సహా ఆ నీళ్ల మీద జాలరిపేట హక్కు ఎప్పటినుంచో రాసి ఉంది. దాన్ని కాదంటే తగువు పైకి పోతుంది, అసలు హరితవనం ప్రకటనే పేటవాళ్లని అడక్కుండా చేశారని బయటపడుతుంది. దొడ్డి ఖాళీ కాకపోతే అదో తంటా. పరాంకుశం గారు పాటకి ఒప్పుకున్నారు. జాలరిపేట మొత్తం చందా వేసుకుని దానమ్మ చేతిలో పెట్టింది. పోటీ పాడేవాడెవడూ లేక, చేపలూ ముళ్లకాయలూ భానోజీరావూ ఒకే పాటలో ఆమెకి దక్కారు.

దానమ్మ నీళ్లలోకి దిగి వల కోసేసింది. చేపలు క్షణం తటపటాయించి, ఒక్కసారిగా మెట్ట వైపు పోయాయి. ముళ్లకాయల్ని పిల్లలు బుట్టల్లో మోసుకెళ్లి రాళ్ల మీద వదిలారు. భానోజీరావు మాత్రం ఏం చేయాలో తెలియక తడిక పక్కనే నిలబడ్డాడు. ఎవరో చెప్పకుండా ఏ పనీ చేయకపోవడం ఆయనకి సర్వీసులో వచ్చిన అలవాటు.

"నువ్వేటి బాబూ నిలబడిపోనావు?" అంది దానమ్మ. "నువ్వూ నాదే. ఎల్లు, మెయ్యి."

ఆయన వెళ్లాడు. మెట్ట మీద నాచు తొడల దాకా తగులుతోంది. పసుపుముద్ద దగ్గరికి చేరి, మునిగి, చేతులతో నాచుని పాయలు తీశాడు. నెత్తి భాగం తెల్లగా ఉంది, కొంత అప్పుడే బూజుపట్టినట్టు నల్లబడింది. అది పోయింది, ఇక రాదు. ఒడ్డు వైపు తను పీకిన చోట మాత్రం చాటంత మేర ఇంకా పసుప్పచ్చగా ఉంది. బతికే ఉంది. ఆయన పైకి లేచి ఊపిరి తీసుకుని, నడుంలోతు నీళ్లలో నిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కనే ఒక చిలకచేప, తోకకి బిళ్లతోనే, కరకర గీకడం మొదలెట్టింది. భానోజీరావు మొహం తుడుచుకుని రెండో వైపు నుంచి అందుకున్నాడు.

ఒడ్డున పరాంకుశం గారికి అప్పుడే ఒక సంగతి తట్టింది. మర్నాడు రాజధానిలో సమీక్ష. మూడో వంతు పచ్చదనం ఎక్కడుందో చెప్పాలి, ఇంకాసేపట్లో లేకుండా పోయేదాన్ని ఉందని నమ్మించాలి. ఆ విద్య తెలిసినవాడు జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆయన మైకు లాక్కున్నారు. తొందరలో భాష కూడా మారిపోయింది.

"భానోజీరావు గారూ, అర్జెంటుగా రండి. రేపు మీటింగుంది. మిమ్మల్ని తిరిగి విధుల్లోకి తీసుకుంటున్నాం. వినబడుతోందా?"

మెట్ట మీద ఒక వంగిన వీపు కనబడింది, పీకిన నాచు గుప్పెడు గాల్లోకి లేచి దూరంగా పడింది. పరాంకుశం గారు మళ్లీ పిలిచారు. దానమ్మ వచ్చి ఆయన చేతిలోంచి మైకు మెల్లిగా తీసేసుకుంది.

"నా గొడ్డు మేత్తంది బాబూ," అంది. "అదిలించకు."